సైనిక్ స్కూల్ ఆరో తరగతి ప్రవేశ పరీక్ష: ఇంట్లోనా, ట్యూషన్‌లోనా, హాస్టల్ కోచింగ్‌లోనా?

పిల్లవాణ్ని సైనిక్ స్కూలుకు రాయిద్దామని ఇంట్లో నిర్ణయం జరిగిపోయాక అసలు తర్జనభర్జన మొదలవుతుంది. పక్కవీధి వాళ్లు ఏడాదిపాటు హాస్టల్ కోచింగ్‌లో వేశారట. బంధువుల అమ్మాయి తండ్రి దగ్గరే లెక్కలు నేర్చుకుని సీటు తెచ్చుకుందట. ఫోను తీస్తే ఆన్‌లైన్ కోర్సుల ప్రకటనలు. ఎవరి మాటా అబద్ధం కాకపోవచ్చు. అయితే వాళ్ల ఇల్లు వేరు, మీ ఇల్లు వేరు. కోచింగ్ సెంటర్ల కరపత్రాలు పక్కన పెట్టి ముందు ప్రశ్నపత్రం చూడండి. ఏది ఎంచుకోవాలో చాలావరకు అదే చెబుతుంది.

పరీక్షలో ఏముంటుంది

సైనిక్ స్కూళ్లంటే పిల్లలను సైన్యంలో అధికారులయ్యేందుకు సిద్ధం చేసే బడులు. అఖిల భారత సైనిక్ స్కూళ్ల ప్రవేశ పరీక్షను ఎన్‌టీఏ (నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ) నిర్వహిస్తుంది. ప్రవేశం పొందే ఏడాది మార్చి 31 నాటికి పదేళ్లు నిండి, పన్నెండేళ్లు దాటని పిల్లలు ఆరో తరగతికి రాయవచ్చు. 2021-22 నుంచి అన్ని సైనిక్ స్కూళ్లలో అమ్మాయిలకూ అవకాశం ఉంది. ఆరో తరగతి ప్రశ్నపత్రం తెలుగు సహా 13 భాషల్లో వస్తుంది. సమయం 150 నిమిషాలు. తప్పు జవాబుకు మార్కులు కోయరు.

| విభాగం | ప్రశ్నలు | ఒక్కో ప్రశ్నకు | మొత్తం మార్కులు |
|---|---|---|---|
| భాష | 25 | 2 | 50 |
| గణితం | 50 | 3 | 150 |
| ఇంటెలిజెన్స్ | 25 | 2 | 50 |
| జనరల్ నాలెడ్జ్ | 25 | 2 | 50 |
| మొత్తం | 125 | | 300 |

సగం మార్కులు లెక్కలవే. జనరల్ నాలెడ్జ్ పుస్తకం మొత్తం బట్టీపట్టినా వచ్చేది 50. అయినా చాలా ఇళ్లలో రోజూ సాయంత్రం జరిగేది రాజధానులు, అవార్డులు, సైన్యంలో హోదాలు అప్పజెప్పించుకోవడమే. పెద్దవాళ్లకు అది సులువు కాబట్టి!

ఆ లెక్కలు కూడా ఐదో తరగతి పుస్తకంతో ఆగవు. గ.సా.భా., క.సా.గు., భిన్నాలు, దశాంశాలు సరే. సిలబస్‌లో శాతాలు, లాభనష్టాలు, బారువడ్డీ, సరాసరి, నిష్పత్తి-అనుపాతం, వేగం-కాలం, పూరక-సంపూరక కోణాలు, ఘనం, దీర్ఘఘనాల ఘనపరిమాణం కూడా ఉన్నాయి. రాష్ట్ర పాఠ్యపుస్తకాల్లో వీటిలో చాలావాటికి ఆరు, ఏడు తరగతుల దాకా ఆగాలి. అందువల్ల బడిలో లెక్కల్లో నూటికి తొంభై తెచ్చుకునే పాప కూడా మొదటిసారి పాత ప్రశ్నపత్రం చూసి తెల్లబోతుంది. ఆ పాపకు తెలివి తక్కువై కాదు, ఎవరూ ఆ పాఠాలు చెప్పలేదు.

మరో సంగతి వేగం. 150 నిమిషాల్లో 125 ప్రశ్నలంటే ఒక్కోదానికి 72 సెకన్లు. జవాబులు ఓఎంఆర్ షీటులో, అంటే యంత్రం చదివే గడుల కాగితంలో, బాల్‌పాయింట్ పెన్నుతో దిద్దాలి, ఒకసారి దిద్దాక మార్చడానికి లేదు. అప్పటిదాకా పెన్సిలు, రబ్బరు చేతిలో ఉన్న పిల్లలకు ఇదీ ఒక పరీక్షే.

ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు తప్ప మిగిలినవారు ప్రతి విభాగంలో కనీసం 25 శాతం, మొత్తం మీద 40 శాతం తెచ్చుకోవాలి. జనరల్ నాలెడ్జ్‌లో 25 శాతమంటే ఏడు సరైన జవాబులు. నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు, మార్కుల కోత లేదు కాబట్టి కళ్లు మూసుకుని దిద్దినా ఇంచుమించు ఆ దరికి వస్తారు. కనుక ‘మా దగ్గర చదివినవారు ఇంతమంది అర్హత సాధించారు’ అని ఏ సంస్థ అయినా గొప్పగా చెబితే, సీటు ఎందరికి వచ్చిందో అడగండి. సీటును నిర్ణయించేది ర్యాంకు. అది అర్హత మార్కులకు చాలా పైన ఉంటుంది.

డబ్బు కట్టేముందు

పిల్లలను ముందు కంటి డాక్టరుకు చూపించండి. రాత పరీక్షలో ర్యాంకు వచ్చినా, సైనిక ఆసుపత్రిలో వైద్య పరీక్ష దాటాకే ప్రవేశం ఖాయమవుతుంది. చూపు, వినికిడి వంటివి అక్కడ తేలుతాయి. కోచింగుకు వేలకు వేలు కట్టి, ఏడాది చదివించి, చివర ఈ మెట్టు దగ్గర ఆగిపోవడం పిల్లలకు చాలా కష్టంగా ఉంటుంది. ఒక్క రోజు పని, ఏప్రిల్‌లోనే చేయించండి.

స్కూలు ఫీజు కూడా ముందే తెలుసుకోవాలి. సైనిక్ స్కూళ్లు ఉచితం కాదు. హాస్టల్‌తో కలిపి ఏడాదికి లక్ష రూపాయలు దాటుతుంది. పాత తరహా సైనిక్ స్కూళ్లు ఆంధ్రప్రదేశ్‌లో రెండున్నాయి. ఒకటి విజయనగరం దగ్గర కోరుకొండలో 1962లో మొదలైంది. మరొకటి రాయలసీమలోని కలికిరిలో ఉంది. వీటిలో 67 శాతం సీట్లు స్కూలున్న రాష్ట్రం పిల్లలకు, మిగిలిన 33 శాతం ఇతర రాష్ట్రాలవారికి. వీటికి తోడు ప్రైవేటు విద్యాసంస్థలు, ట్రస్టుల భాగస్వామ్యంతో నడిచే కొత్త సైనిక్ స్కూళ్లున్నాయి. వాటిలో 40 శాతం సీట్లనే ఈ పరీక్ష ర్యాంకుల ద్వారా బయటివారికి ఇస్తారు. మిగిలినవి అప్పటికే ఆ బడిలో చదువుతూ అర్హత సాధించినవారికి వెళ్తాయి. ఫీజు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ‘ఏ సైనిక్ స్కూలైనా ఒకటే’ అనుకుని కౌన్సెలింగ్‌లో పేర్లు నింపేయకండి.

దారి ఎంచుకునేటప్పుడు చూడవలసినవి

అన్నిటికంటే ముందు, లెక్కల్లో పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారో చూడండి. పాత ప్రశ్నపత్రంలోని 50 లెక్కలు టైము పెట్టకుండా చేయించండి. నా లెక్క ప్రకారం 15 కంటే తక్కువ సరైతే పాఠాలు మొదటి నుంచి చెప్పేవారు కావాలి. 15 నుంచి 30 మధ్య అయితే కొన్ని పాఠాలు, మరిన్ని అభ్యాసాలు చాలు. 30 దాటితే కావలసింది వేగం మాత్రమే. ఈ పిల్లలకు ఏడాది కోచింగ్ దండగ.

రెండోది, రోజూ ఒక గంట ఫోను పక్కన పెట్టి పిల్లల పక్కన కూర్చోగల పెద్దమనిషి ఇంట్లో ఉన్నారా అన్నది. వారానికి ఐదు రోజులు, ఎనిమిది తొమ్మిది నెలలపాటు. తల్లిదండ్రులే కానక్కర్లేదు. రిటైరైన తాతయ్య, ఇంటర్ చదివే అక్క, డిగ్రీ చదువుతున్న పిన్ని, ఎవరైనా సరే. ఉన్నారో లేరో నిజాయితీగా చెప్పుకోవాలి. ‘చూసుకుంటాం లెండి’ అన్న ఇళ్లలో దసరాకు పుస్తకం అటకెక్కుతుంది.

ఇక మిగిలినవి పిల్లల స్వభావం, చేతిలో ఉన్న నెలలు, ఖర్చు. పరీక్ష సాధారణంగా జనవరిలో ఉంటుంది. 2024లో జనవరి 28న జరిగింది. 2025లో మాత్రం ఏప్రిల్ 5కు వెళ్లింది. జనవరికే సిద్ధమైతే మంచిది.

ఇంట్లో చదివించడం

దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను. అందరూ మొదట కొట్టిపారేసేది దీన్నే, చాలా కుటుంబాలకు సరిపోయేదీ ఇదే.

ఇంట్లో చదివితే పిల్లలు ఎక్కడ ఆగిపోయారో అక్కడే ఆగవచ్చు. బ్యాచ్‌లో భిన్నాల పాఠం వారంలో ముగుస్తుంది, అర్థమైనా కాకపోయినా శాతాల్లోకి వెళ్లిపోతారు. భిన్నాలు రాని పిల్లవాడికి శాతాలు, లాభనష్టాలు, బారువడ్డీ ఏవీ రావు. ఆ ఒక్క పాఠం మీద నెలరోజులు కూర్చోగలిగే వీలు ఇంట్లోనే ఉంటుంది. బజారుకు తీసుకెళ్లి తగ్గింపు ధరలు లెక్కకట్టించవచ్చు. బస్సులో వెళ్తూ కిలోమీటరు రాళ్లు, గడియారం చూసి వేగం కనుక్కోమనవచ్చు.

ఇబ్బంది ఎక్కడంటే, పెద్దవాళ్లు లెక్కను తాము చదివిన పద్ధతిలో చెబుతారు. బడి పద్ధతి వేరు, గైడులో చిట్కా వేరు. మూడూ కలిసి పిల్లల బుర్రలో గజిబిజి అవుతుంది. ఏదో ఒక పద్ధతికే కట్టుబడాలి. ఇంకొకటి కోపం. పక్కింటి పిల్లలకు ఓర్పుగా లెక్కలు చెప్పే టీచరమ్మ కూడా సొంత కొడుకు ఏడో ఎక్కం తప్పు చెబితే గొంతు పెంచుతుంది. మీ ఇంట్లో చదువు గంట రోజూ ఏడుపుతో ముగుస్తుంటే ఆ పనిని మరొకరికి అప్పగించడమే మేలు, మీకెంత లెక్కలు వచ్చినా సరే.

ఇంటి చదువులో లేనిది పోటీ వాతావరణం. పదిమంది మధ్య కూర్చుని రాసే అలవాటు కోసం అక్టోబరు తర్వాత ఏదైనా సంస్థలో మాక్ టెస్టులకు మాత్రం డబ్బు కట్టండి. చాలా సెంటర్లు టెస్ట్ సిరీస్‌ను విడిగా ఇస్తాయి. అడిగితేనే చెబుతాయి.

ఊళ్లో ట్యూషన్ మాస్టారు

మంచి లెక్కల మాస్టారు దొరికితే ఇంతకు మించినది లేదు. అయిదారుగురు పిల్లలు, సాయంత్రం గంటన్నర, నడిచి వెళ్లేంత దూరం. ఆయన సైనిక్ స్కూల్ నిపుణుడు కానక్కర్లేదు. ఆరు, ఏడు తరగతుల లెక్కలు బాగా చెప్పగలిగితే చాలు. సిలబస్ కాగితం, పాత ప్రశ్నపత్రాలు మీరే ఇవ్వండి. ఇంటెలిజెన్స్, జనరల్ నాలెడ్జ్ ఇంట్లో చూసుకోవచ్చు. రోజుకు అరగంట పోలికలు, శ్రేణులు, కోడింగ్ బిట్లు చేస్తే ఆ విభాగం నాలుగైదు నెలల్లో దారిలో పడుతుంది.

మాస్టారికి ఓఎంఆర్, టైము లెక్కల మీద అంతగా పట్టింపు ఉండకపోవచ్చు. ఆ భారం మీది.

రోజూ వెళ్లివచ్చే కోచింగ్ సెంటరు

విజయనగరం, విశాఖపట్నం, హైదరాబాద్ వంటి చోట్ల వీటికి కొదవ లేదు. ఎక్కువచోట్ల ‘సైనిక్-నవోదయ’ అని ఒకే బ్యాచ్ నడుపుతారు. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. జవహర్ నవోదయ విద్యాలయాల ఆరో తరగతి ప్రవేశ పరీక్ష 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. అందులో సగం, అంటే 40 ప్రశ్నలు, 50 మార్కులు మెంటల్ ఎబిలిటీవి. లెక్కలకు 25 మార్కులే. సైనిక్ స్కూల్ పరీక్షలో సగం మార్కులు లెక్కలవి. రెండిటికీ ఒకే టైంటేబుల్ అంటే ఏదో ఒకదానికి తక్కువైనట్లే. చేర్చేముందు వారం టైంటేబుల్ చూపించమనండి. అందులో లెక్కలకు దాదాపు సగం సమయం లేకపోతే ఆ బ్యాచ్ నవోదయ వైపు మొగ్గినట్లే.

మరో రెండు ప్రశ్నలు అడగండి. లెక్కలు చెప్పేది ఎవరు, నిరుటి నుంచి ఉన్నవారేనా? ప్రతి టెస్టు తర్వాత తప్పుల్ని కూర్చోబెట్టి దిద్దిస్తారా, లేక మార్కులు వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకుంటారా? రెండో రకం ఎక్కువ. నలభైమందిలో ముప్ఫై ఎనిమిదో ర్యాంకు అని గ్రూపులో చూసిన పదేళ్ల పిల్ల మరుసటి రోజు కడుపునొప్పి అంటుంది.

బడి, సెంటరు, హోంవర్కు కలిపితే రోజు ఎంత పొడవవుతుందో కూడా లెక్కేయండి. రాత్రి తొమ్మిదిన్నర దాటాక నేర్చుకున్నది ఏదీ తలకెక్కదు.

హాస్టల్ కోచింగ్

తెల్లవారుజామున లేపి, వ్యాయామం చేయించి, రోజంతా చదివించి, రాత్రి టెస్టు పెట్టే చోట్లు ఇవి. ఫలితాలు రావని అనను. వస్తాయి. లెక్కల్లో బాగా వెనకబడి, ఇంట్లో చెప్పేవారు లేక, ఊళ్లో ట్యూషన్ దొరకని పిల్లలకు ఇదొక్కటే దారి కావచ్చు. ఎలాగూ సైనిక్ స్కూల్లో హాస్టలే కదా, ముందే అలవాటవుతుందన్న వాదన కూడా వినిపిస్తుంది.

ఆ వాదన నాకు ఎక్కదు. సైనిక్ స్కూల్ హాస్టల్లో ఆటస్థలాలు, హౌస్‌లు, హౌస్ మాస్టర్లు, ఆయాలు ఉంటారు. చాలా కోచింగ్ హాస్టళ్లలో ఒక మేడ, రెండు హాళ్లు, ఒక వార్డెన్. సీటు రాకపోతే ఆ పిల్లవాడికి మిగిలేది ఇంటికి దూరంగా గడిపిన ఏడాది. వీటిలో కొన్ని పిల్లలను బడి మాన్పించి, ఎక్కడో పేరు మాత్రం ఉంచుతాయి. ఐదో తరగతి పాఠాలకు గండి పడుతుంది. దానికి తోడు మరో నష్టం ఉంది. నవోదయకు రాయాలంటే పిల్లలు ఆ ఏడాది సొంత జిల్లాలోనే, గుర్తింపు ఉన్న బడిలో ఐదో తరగతి చదువుతుండాలి. అవకాశం ఒక్కసారే. వేరే జిల్లాలో పేరు రాయిస్తే మీ జిల్లా సీటుకు పోటీ పడే వీలు పోతుంది.

అయినా వెళ్లక తప్పదనుకుంటే ఏడాది బదులు చివరి మూడు నెలల షార్ట్ టర్మ్ చూడండి. స్నానాల గదులు, వంటగది, రాత్రి పిల్లలతో ఎవరు పడుకుంటారో కళ్లతో చూసి, వారానికి ఎన్నిసార్లు ఫోను ఇస్తారో అడిగాకే నిర్ణయించండి. అమ్మాయిలకు మహిళా వార్డెన్ లేని చోటికి పంపవద్దు. పదేళ్లకూ పక్క తడిపే పిల్లలు, రాత్రిళ్లు భయపడే పిల్లలు ఉంటారు. వాళ్లను పంపకండి, బంధువులు ఏమన్నా సరే.

ఆన్‌లైన్ తరగతులు

పదేళ్ల పిల్లలు తెర ముందు ఒంటరిగా కూర్చుని చదవరు. పక్కన ఎవరో ఒకరు ఉండాలి. ఉంటే అది ఇంటి చదువే, ఆన్‌లైన్ సాయం మాత్రమే. ఆ రకంగా వాడుకుంటే మంచిది. ముఖ్యంగా బదిలీల మీద తిరిగే సైనికోద్యోగుల కుటుంబాలకు, గల్ఫ్‌లో ఉండి పిల్లలను కోరుకొండకో కలికిరికో రాయించాలనుకునేవారికి. ఏడాది ఫీజు ఒకేసారి కట్టకుండా నెల నెలా కట్టే చోటే చేరండి.

ఒక్కచోట చూడాలంటే

| దారి | ఎవరికి నప్పుతుంది | ఏది తక్కువ | ఖర్చు |
|---|---|---|---|
| ఇల్లు | రోజూ గంట కూర్చునే పెద్దలున్నవారికి | పోటీ, టెస్టులు | పుస్తకాలు, మాక్ టెస్టులు |
| ట్యూషన్ | లెక్కలు ఒక్కటే బలహీనమైనవారికి | ఓఎంఆర్, ఇతర విభాగాలు | తక్కువ |
| కోచింగ్ సెంటరు | పోటీ అంటే ఇష్టపడేవారికి | ఒక్కొక్కరి మీద శ్రద్ధ | మధ్యస్థం |
| హాస్టల్ | వేరే ఏ దారీ లేనివారికి | ఇల్లు, బడి | బాగా ఎక్కువ |
| ఆన్‌లైన్ | ఊరు మారుతుండేవారికి | పక్కన మనిషి | తక్కువ నుంచి మధ్యస్థం |

మీ పరిస్థితిని బట్టి

తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగస్థులై రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరేవారైతే ట్యూషన్ మాస్టారు, ఆదివారం మాత్రం మీరు. ఆ రోజు ఉదయం పది నుంచి పన్నెండున్నర దాకా పూర్తి పేపరు, సాయంత్రం తప్పుల సవరణ. వారంలో మీ వంతు అంతే, కానీ దాన్ని ఎగ్గొట్టకూడదు.

పదో తరగతితో చదువు ఆపిన తల్లిదండ్రులు తమకు చేతకాదని వెనకడుగు వేస్తుంటారు. లెక్కలు ట్యూషన్‌కు వదిలేసి మిగిలిన మూడు విభాగాలు మీరే చూడండి. పరీక్షకు తెలుగు మాధ్యమం ఎంచుకుంటే భాష విభాగం కూడా తెలుగులోనే ఉంటుంది, అది మీకు బాగా వచ్చు. ఇక్కడొక మెలిక ఉంది. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలకు ‘క.సా.గు.’ అంటే తెలియదు, ఎల్‌సీఎం అంటేనే తెలుస్తుంది. తెలుగు వ్యాకరణం సులువని తెలుగు పేపరు ఎంచుకుంటే, సగం మార్కులున్న లెక్కలు తెలియని మాటల్లో ఎదురవుతాయి. పిల్లలు ఏ మాటల్లో లెక్కలు నేర్చుకున్నారో ఆ మాధ్యమాన్నే దరఖాస్తులో పెట్టండి. సీటు వచ్చాక సైనిక్ స్కూల్లో చదువు ఇంగ్లీషులోనే.

దసరా దాటాక మేలుకున్నవారు కొత్త పాఠాలన్నీ చెప్పించాలని చూడకండి. భిన్నాలు, శాతాలు, లాభనష్టాలు, వైశాల్యం-చుట్టుకొలత, ఈ నాలుగూ గట్టి చేయించి, వారానికి రెండు పేపర్లు రాయించండి. తెలియని ప్రశ్న దగ్గర ఆగకుండా ముందుకు వెళ్లడం, చివరి పది నిమిషాల్లో ఏ గడీ ఖాళీగా వదలకపోవడం నేర్పించండి. మార్కుల కోత లేని పరీక్షలో ఖాళీ వదలడమంటే ఊరికే వచ్చే మార్కుల్ని వద్దనడమే.

ఈసారి రాకపోతే

వయసు సరిపోతే మరుసటి ఏడాది మళ్లీ రాయవచ్చు. అయితే సీటు వస్తే పిల్లలు ఆరో తరగతి రెండోసారి చదవాలి, ఒక ఏడాది వెనకపడతారు. అందుకు మీరు సిద్ధమేనా అన్నది ముందు తేల్చుకోండి. సిద్ధమైతే ఆ ఏడాదికి హాస్టల్ కోచింగ్ అవసరం లేదు. బడి మాన్పించనూ వద్దు. ఆరో తరగతి లెక్కల పుస్తకమే నిష్పత్తి, ఏకవస్తు మార్గం, కోణాల పాఠాలు చెబుతుంది. దానికి ట్యూషన్‌లో బారువడ్డీ, ఘనపరిమాణం కలిపి, వారానికో మాక్ టెస్టు రాయిస్తే సరిపోతుంది.

ఏడాది వెనకపడటం ఇష్టం లేకపోతే తొమ్మిదో తరగతి ప్రవేశం ఉంది. మార్చి 31 నాటికి 13 నుంచి 15 ఏళ్ల మధ్య వారు రాయవచ్చు. 150 ప్రశ్నలు, 400 మార్కులు, మూడు గంటలు, ప్రశ్నపత్రం ఇంగ్లీషులో మాత్రమే. సీట్లు ఖాళీలను బట్టి ఉంటాయి, ఆరో తరగతికి ఉన్నన్ని ఉండవు. ఈ దారి ఎంచుకునేవారు ఏడో తరగతి అయ్యేదాకా కోచింగుల జోలికి పోకుండా, పిల్లలకు ఇంగ్లీషులో కథల పుస్తకాలు అలవాటు చేయడం నయం.